చూరు నీళ్లు

ఆసుపత్రి వెనక ఆవరణలో నిలబడి కిక్కు కొట్టీ కొట్టీ నర్సుకు కుడి పిక్క పట్టేసింది. బండి ప్రతిసారీ గుర్రుమంటుంది, ఇంక కదిలిపోదాం అన్నట్టు ఆశ పెడుతుంది, అంతలోనే ఎవరో గొంతు నొక్కినట్టు ఊరుకుంటుంది. భుజాన వేలాడే సంచీలో గాజుగుడ్డ, దూది, కత్తెర, మందు సీసాలు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి పుళ్లు కడిగి కట్లు కట్టి రావడం ఆమె పని. పొద్దున్నంతా ఆసుపత్రి కట్ల గదిలో సాయం, మధ్యాహ్నం నుంచి ఇళ్ల రూటు. ఆ పొద్దున్నంతా వాన కురుస్తూనే ఉంది, బండి తడుస్తూనే ఉంది.

తడవడమంటే మామూలుగా తడవడం కాదు. ఆ ఆవరణలో రేకుల షెడ్డు ఒకటుంది. మొన్నమొన్నటి దాకా అందులో నర్సులవీ ఆయాలవీ ల్యాబు వాళ్లవీ బళ్లు ఉండేవి. ఈ వానలు మొదలయ్యే ముందు దానికి 'డాక్టర్ల కార్లకు మాత్రమే' అని బోర్డు తగిలించారు. డాక్టర్లందరూ ఒక్కసారిగా వచ్చే ఆసుపత్రి కాదది. ఎప్పుడు చూసినా షెడ్డులో సగం నేల పొడిగా, ఖాళీగా పడి ఉంటుంది. బయటికి నెట్టిన బళ్లన్నీ పక్క గోడవారగా నిలబెట్టుకోవాలి. రేకుల మీద పడ్డ వానంతా ఒక గొట్టంలోకి చేరి, ఆ గొట్టం నోట్లోంచి సరిగ్గా ఆ బళ్ల నెత్తిన దూకుతుంది. వానను దేవుడు అందరి మీదా ఒకలాగే కురిపిస్తాడు. చూరు ఎటు వాలాలో మాత్రం మనుషులు నిర్ణయించుకుంటారు.

"చోక్ లాగి కొట్టమ్మా," అన్నాడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ తాత.

"లాగీ లాగీ ఆ పుల్ల ఊడి చేతికొచ్చేలా ఉంది తాతా."

ఆమె వంగి ప్లగ్గు మీది టోపీ లాగింది. లోపల నీటి చెమ్మ. సంచీలోంచి దూది తీసి, పుండు చుట్టూ తుడిచినంత నెమ్మదిగా తుడిచి, నోటితో ఊది మళ్లీ తొడిగింది. ఈసారి బండి అందుకుంది. రెండు వీధులు దాటాక మళ్లీ ఆగింది. మళ్లీ తుడిచింది. అలా ఆగుతూ, తుడుస్తూ, తోస్తూ వెళ్లేసరికి మొదటి ఇంటికే బాగా ఆలస్యమైంది.

ఆ ఇల్లు ఎప్పుడో రిటైరైన పోస్టుమాస్టరుగారిది. నడుము కింద పుళ్లు పడి మంచానికే అతుక్కుపోయారు ఆయన. కట్టు విప్పి కట్టేదాకా పక్కకు తిరగలేరు.

"పొద్దుటి నుంచి కట్టు తడిసిపోయి అలాగే ఉన్నారమ్మా," అంది ఆయన భార్య. "దారిలో నీకేమైనా అయిందేమోనని ఆసుపత్రికి ఫోను చేశాను."

పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటున్న పోస్టుమాస్టరుగారు కళ్లు తెరవకుండానే అన్నారు. "నీ బండి నాకంటే పెద్దదనుకుంటా నర్సమ్మా. ఇద్దరికీ కలిపి ఒకే మంచం వేయించు."

ఆమె నవ్వలేకపోయింది. ఆయన వీపు కింద పక్కబట్ట తడిసి ముద్దయి ఉంది. ఆ ముసలాయన ఓర్చుకున్న ప్రతి నిమిషమూ తన తప్పే అనిపించింది. కానీ తప్పు తనదేనా?

సాయంత్రం ఆసుపత్రికి తిరిగి వచ్చేసరికి నర్సులందరి మీదా పెత్తనం చేసే పెద్ద మేడమ్ వరండాలోనే ఎదురైంది. రోగుల బంధువులు, ఆయాలు, ల్యాబు అతను అందరూ అక్కడే ఉన్నారు.

"పేషెంటు ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఎక్కడికి పోయావు?"

"బండి ఆగిపోయింది మేడమ్. పొద్దున్నంతా వానలో..."

"వాన నీ ఒక్కదాని మీదే పడిందా? పాత బండి పెట్టుకుని నాకు కథలు చెప్పకు."

అవును మేడమ్, డాక్టర్ల కార్ల మీద పడలేదు అన్న మాట నర్సు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. పెద్ద మేడమ్ అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది. ఎందుకు ఆగింది, ఎలా ఆగింది అని ఒక్క ముక్క అడగలేదు.

వీధి మలుపులో మెకానిక్ ఉన్నాడు. వెనక జేబులో ఎప్పుడూ ఒక పానా దోపుకుని తిరుగుతాడని అందరూ అతన్ని పానా అనే పిలుస్తారు. బండిని తోసుకుంటూ వచ్చిన నర్సును చూసి చేతిలో పని పక్కన పెట్టాడు. పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బొరేటర్ అడుగున ఉన్న చిన్న మర వదులు చేసి, అందులోంచి కారినదాన్ని ఒక తెల్ల సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"అడుగున చూడక్కా."

పసుపుపచ్చ పెట్రోలు కింద నీటి బొట్లు, పగిలిన థర్మామీటరులోంచి జారిన పాదరసంలా, ఒకదాన్నొకటి తరుముకుంటూ దొర్లుతున్నాయి.

"నీళ్లు ఎలా వచ్చాయి తమ్ముడూ?"

"ట్యాంకు మూత దగ్గర్నుంచి. రబ్బరు వాషరు బిరుసెక్కి పగిలిపోయింది. మామూలు వానైతే ఇంత దిగదు. ధార కింద పెట్టావా ఏంటి?"

ఆ ఒక్క ప్రశ్నకు ఆమె ప్రాణం కుదుటపడింది. అడిగాడు కదా, అడిగే మనిషొకడు ఉన్నాడు కదా అనుకుంది. పానా ట్యాంకు విప్పి కడిగాడు, కార్బొరేటర్ విప్పి ఊదాడు, మూతకు కొత్త వాషరు వేశాడు.

"ఇంక ఆగదక్కా. ఆగితే నన్నడుగు."

ఆ రాత్రి అన్నాలు తింటూ ఈ సంగతంతా అత్తగారికి చెప్పింది. భర్త లారీతో ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. ఇంట్లో ఉండేది వీళ్లిద్దరే. అత్తగారికి పగలే చూపు అంతంతమాత్రం. దీపాలు పెట్టాక గడప ఎక్కడుందో కాలితో వెతుక్కుంటుంది.

"మూతంటే మూసేది కదమ్మాయ్. అందులోంచి నీళ్లెలా దిగాయి?"

"వాషరు పగిలిందిట అత్తయ్యా. కొత్తది వేశాడులెండి."

పొద్దున్నే లేచి చూసేసరికి అత్తగారు వాకిట్లో బండి పక్కన పీట వేసుకుని, పాత తువ్వాలుతో ట్యాంకు తుడుస్తోంది.

"మీకెందుకీ శ్రమ?"

"నీకూ నాకూ అన్నం పెట్టేదాన్ని కాస్త చూసుకోవద్దూ," అంది ఆవిడ.

ఆ రోజు వాన లేదు. బండి మొదటి కిక్కుకే అందుకుని ఆసుపత్రి దాకా హాయిగా వెళ్లింది. మధ్యాహ్నం రూటుకు బయల్దేరి, వంతెన మధ్యకు వచ్చేసరికి వేగం తగ్గింది. నిన్నటిలా గొంతు నొక్కినట్టు కాదు, ఆకలితో ఉన్నవాడు నడుస్తూ నడుస్తూ కూలబడ్డట్టు. ప్లగ్గు టోపీ తీసి చూసింది. పొడిగానే ఉంది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. పక్కకు తోసుకుని కాసేపు నిలబడి కొడితే స్టార్టయింది. ఇంకాస్త దూరం పోయాక అదే తంతు.

పోస్టుమాస్టరుగారి భార్య ఈసారి ఫోను చేయలేదు. చేయకపోయినా పెద్ద మేడమ్ వాకబు చేసింది. సాయంత్రం అదే వరండా, అవే చెవులు.

"రెండో రోజు. మూడో రోజు కూడా ఇలాగే అయితే రూటు వేరేవాళ్లకు ఇచ్చేస్తాను. నువ్వు రాత్రి వార్డు చూసుకుందువుగాని."

రాత్రి వార్డు. అంటే చీకటి పడ్డాక అత్తగారు ఒంటరిగా. పొయ్యి దగ్గర, మెట్ల దగ్గర, నీళ్ల గదిలో. నర్సుకు భయమేసింది. ఆ భయం మెట్లు దిగేలోపు కోపమైంది. ఆ కోపం వీధి మలుపు దాకా ఆగలేదు.

పానా దగ్గర నలుగురైదుగురు బళ్లతో కాచుకుని ఉన్నారు.

"ఆగితే నన్నడుగు అన్నావుగా. అడుగుతున్నా చెప్పు. ఏం బాగుచేశావు నువ్వు?"

పానా లేచి నిలబడ్డాడు. "ఎక్కడ ఆగిందక్కా? ఎలా ఆగింది?"

"ఎలా ఆగితే ఏంటి? ఆగిందంతే. కొత్తది వేశానని పాతది తగిలించి, నాకు కథలు చెప్పకు. నా ఉద్యోగం పోయేలా ఉంది నీ వల్ల."

"ఆడమనిషి కదా, ఏం తెలుస్తుందిలే అని బిగించుంటాడు," అన్నాడు స్కూటరు పట్టుకుని నిలబడిన ఒకాయన, గాలివాటుగా.

పానా మూత తెరిచి పెట్రోలు చూశాడు. గొట్టం లాగి సీసాలో పట్టాడు. ధారగా పడింది, అడుగున నీటి బొట్టు లేదు. కాసేపు తల గోక్కున్నాడు. "అంతా బాగానే ఉందక్కా, నాకూ అంతు చిక్కట్లేదు," అంటూ కొత్త ప్లగ్గు వేశాడు.

"అంతు చిక్కనివాడివి మరి దుకాణం ఎందుకు పెట్టావు?"

ఈ మాటకు అక్కడున్న ఒకరిద్దరు నవ్వారు. స్కూటరాయన తన బండి మెల్లగా వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. పానా అతని వీపు వైపు చూసి, వంగి, నేల మీద పడ్డ మర ఏరుకున్నాడు. నర్సుకు అప్పుడు కడుపులో మంట చల్లారినట్టయింది. అన్యాయం చేసినవాణ్ని పదిమంది ముందు నిలబెట్టి అడిగినంత తృప్తి కలిగింది. దేవుడు మన్నిస్తాడో లేదో గాని, ఆ పూట ఆ తృప్తితోనే ఆమె అన్నం తింది.

మర్నాడు ఎందుకైనా మంచిదని మధ్యాహ్నం భోజనం మానేసి ముందే బయల్దేరింది. వంతెన మీద బండి మళ్లీ కూలబడింది. పెట్రోలు అయిపోయిందేమోనని మూత తిప్పి ఎత్తింది. లోపలికి ఎవరో ఊపిరి బలంగా లాగినట్టు 'స్స్' మంది. పెట్రోలు సగానికి పైగా ఉంది. మూత పెట్టి కొడితే మొదటి కిక్కుకే స్టార్టయింది. ఆ చప్పుడేమిటో అర్థం కాలేదు. ఆలోచించే తీరికా లేదు.

పోస్టుమాస్టరుగారి ఇంటికి వేళకే చేరింది. ఆయనకు ఆ రోజు మందు నీళ్లు ఎక్కించమని డాక్టరు చెప్పాడు. కిటికీ ఊచకు సీసా వేలాడదీసి, గొట్టం తగిలించి, చేతి నరం దొరకబుచ్చుకుని సూది గుచ్చింది. చుక్కలు టపటపా పడ్డాయి. కట్టు విప్పడానికి వంగింది. అంతలో పోస్టుమాస్టరుగారి భార్య అంది.

"అమ్మా, పడటం లేదు. ఆగిపోయింది."

నర్సు తలెత్తింది. మొదట గబగబా పడ్డ చుక్కలు నెమ్మదించి, చివరి చుక్క గొట్టం కొసన వేలాడుతూ ఉండిపోయింది.

"కంగారు పడకండి. గాలి సూది గుచ్చడం మర్చిపోయాను."

చిన్న సూది తీసి సీసా పై భాగంలో గుచ్చింది. లోపలికి గాలి బుడగలు బుడబుడమని పోయాయి. చుక్కలు మళ్లీ వరసలో పడ్డాయి.

"గాలి పోకపోతే నీళ్లు దిగవా?"

"దిగవండీ. దిగిన నీటి చోటుకి గాలి రావాలి కదా. రాకపోతే సీసా బిగుసుకుపోయి..."

మాట మధ్యలో ఆగిపోయింది. కొత్త సీసాకు ఈ పని చేయడం ఆమె చేతికి ఊపిరి పీల్చినంత అలవాటు. ఇవాళ బండి గొడవలో పడి మర్చిపోయింది. ఆ చేయి ఇప్పుడు గాలిలోనే నిలిచిపోయింది.

కట్టు కట్టడం పూర్తయ్యాక, చుక్కలు సరిగా పడుతున్నాయని చూసుకుని వాకిట్లోకి వచ్చింది. ట్యాంకు మూత తీసి చేతిలోకి తీసుకుంది. మూత మధ్య ఒక సన్నని బెజ్జం ఉండాలి. దానిలో తెల్లగా ఏదో నిండి, నున్నగా సర్ది ఉంది. గోటితో గీకితే మైనం. వాడేసిన సూదొకటి తీసి, ఆ మైనాన్ని మెల్లగా పెకిలించి, ఊది, ఎండకెత్తి చూసింది. బెజ్జంలోంచి వెలుతురు కనిపించింది.

ముందు పానాయే కళ్ల ముందు మెదిలాడు. వాడి తెలివి ఇంతేనన్నమాట అనుకుంది. సాయంత్రం వెళ్లి మూత వాడి మొహాన చూపించాలనుకుంది. కానీ వేళ్లకు అంటిన మైనం వాసన చూస్తే కొవ్వొత్తిది. పానా దుకాణంలో గ్రీజు ఉంటుంది, కొవ్వొత్తి ఎందుకుంటుంది?

ఇంటికి వెళ్లి అత్తగారి ముందు కూర్చుంది. ఎలా అడగాలో తెలియక మూత ఆవిడ చేతిలో పెట్టింది. అత్తగారు వేలి కొసతో తడిమింది.

"అయ్యో, ఊడిపోయిందా? గట్టిగానే పెట్టానే. కంటికి ఆనకపోతే వేలితో తడిమి పట్టుకున్నానమ్మాయ్ ఆ బెజ్జాన్ని. వాషరు మార్చాడు గాని ఆ మెకానిక్ దీన్ని చూసుకోలేదు. కొవ్వొత్తి కరిగించి రెండు చుక్కలు వేశాను. మళ్లీ దిగాయా నీళ్లు?"

ఆవిడ మొహంలో ఎంతో సంబరం.

"లేదు అత్తయ్యా. ఒక్క చుక్క కూడా దిగలేదు."

"చూశావా మరి."

"కానీ ఆ బెజ్జం ఉండాలి అత్తయ్యా. అది బండి గాలి పీల్చుకునే దారి. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాలి."

అత్తగారి చేయి మూత మీద ఆగింది. "అంటే దాని ముక్కు మూసేశానా నేను?" అంది ఆవిడ. "అయితే నువ్వు మాట పడింది నా వల్లేనన్నమాట."

"నేను పడ్డ మాట సరే. నేను ఇంకొక మనిషిని మాటలన్నాను," అంది నర్సు. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు. వరండాలో పెద్ద మేడమ్ అన్న మాటలూ, వీధి మలుపులో తాను అన్న మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. కథలు చెప్పకు. అదే మాట. అక్షరం మారలేదు. ఎలా ఆగిందక్కా అని పానా అడిగాడు. చెప్పి ఉంటే, ఆకలితో కూలబడ్డట్టు ఆగిందని ఒక్క మాట చెప్పి ఉంటే, అతనే ఆ మూత తిప్పి చూసేవాడేమో.

పొద్దున్నే మబ్బు కమ్ముతుండగా పానా దుకాణం ముందు బండి ఆపింది. అక్కడున్నవాళ్లందరికీ వినపడేలా చెప్పింది.

"తమ్ముడూ, నీ పనిలో ఏ లోపమూ లేదు. మా ఇంట్లోనే మూత బెజ్జం మూసేశారు. నేను నిన్ను అడక్కుండా, చెప్పకుండా నోరు పారేసుకున్నాను. తప్పు నాది."

పానా చక్రం ఊచలు సరిచేస్తూ తలెత్తలేదు.

"మొన్న ఉన్నవాళ్లు వేరేవాళ్లక్కా," అన్నాడు. "ఆ స్కూటరాయన ఉంటే బాగుండేది. ఎప్పుడూ నా దగ్గరికే వచ్చేవాడు."

పదిమంది ముందు అన్న మాటను ఇంకో పదిమంది ముందు వెనక్కి తీసుకోవడం కుదరదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"బెజ్జానికి అడ్డంగా గుడ్డ కూడా కప్పకు," అన్నాడు పానా. "వానలో నిలబెట్టేటప్పుడు పైన బకెట్టు మూత లాంటిదేదైనా బోర్లించు, గాలి ఆడేలా." అని మళ్లీ ఊచల్లో పడ్డాడు.

ఆసుపత్రి గేటు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. కట్ల గది ఆయా ఎదురొచ్చింది.

"నర్సమ్మా, వచ్చే వారం నుంచి నిన్ను రాత్రికి వేశారట. మేడమ్ చెబుతుంటే విన్నాను."

"నిన్న వేళకే వెళ్లానే."

"వెళ్లావో లేదో ఎవరడిగారు?" అంది ఆయా, బట్టల మూట చంకన పెట్టుకుంటూ.

నర్సు తిన్నగా పెద్ద మేడమ్ గదిలోకి వెళ్లింది. మేడమ్ తలెత్తకుండానే, "చెప్పు," అంది.

"మొన్న నేనొక మనిషిని పదిమందిలో తిట్టాను మేడమ్. అతన్ని ఏమీ అడగలేదు. తీరా చూస్తే అతని తప్పు లేదు. ఇవాళ వెళ్లి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నా అతనికి పోయింది తిరిగి రాలేదు."

మేడమ్ కలం ఆగింది. "ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?"

"మీరు కూడా నన్నేమీ అడగలేదు మేడమ్. నిన్న వేళకు వెళ్లానా అని అడగలేదు. మొదటి రోజు బండి ఎందుకు ఆగిందని అడగలేదు. ఒక్కసారి అడగండి. తర్వాత రాత్రికే వేస్తారో, ఏం చేస్తారో మీ ఇష్టం."

మేడమ్ కిటికీ వైపు చూసింది. వాన అందుకుంది. కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది, గొట్టమూ కనిపిస్తుంది. ఆ గదిలో ఇన్నాళ్లుగా కూర్చుంటున్నా అటు చూసే పని ఆవిడకు పడలేదేమో.

"ఎందుకు ఆగింది?" అంది చివరికి.

"అదిగో, ఆ ధార కింద నిలబెడుతున్నాం మేడమ్ మా బళ్లు. ట్యాంకులోకి నీళ్లు దిగాయి. పక్కన షెడ్డులో నేల పొడిగా ఉంది."

పెద్ద మేడమ్ గొంతు తగ్గించింది.

"బోర్డు పెట్టించింది యాజమాన్యం, నేను కాదు. సరే, రూటు నీకే ఉంచుతాను. షెడ్డులో చివర స్తంభం పక్కన ఒక బండి పెట్టుకోనివ్వమని వాచ్‌మన్‌కి ఫోను చేసి చెబుతాను. ఒక్కటే. దీన్ని మిగతావాళ్ల దగ్గర పెద్దది చెయ్యకు."

నర్సు మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికపడింది. రాత్రుళ్లు ఇంట్లోనే ఉంటుంది. అత్తగారు చీకట్లో తడుముకోనక్కర్లేదు. దేవుడా అనుకుని చేతులు జోడించబోయింది. చివరి మెట్టు మీద ఆ చేతులు ఆగిపోయాయి. అడిగింది అందరి కోసం. దొరికింది తన ఒక్కదానికి.

వాచ్‌మన్ తాత గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. "మేడమ్ చెప్పారమ్మా. బండి లోపల పెట్టేసుకో. తొందరగా, తడిసిపోతోంది."

గొట్టం నోటి కింద ఆ రోజు ఆయా మోపెడ్ ఉంది. చిరిగిన సీటుకు కట్టిన ప్లాస్టిక్ సంచీ మీద నీళ్లు దబదబా కొడుతున్నాయి. నర్సు వానలోకి నడిచి, మోపెడ్ స్టాండు తీసి, రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని షెడ్డులోకి నెట్టింది. చివర స్తంభం పక్కన నిలబెట్టి, కొంగుతో దాని ట్యాంకు తుడిచింది. తన బండిని తెచ్చి మోపెడ్ ఖాళీ చేసిన చోట పెట్టింది.

"ఇది నీ బండి కాదుగా," అన్నాడు తాత.

"మేడమ్ ఒక బండి అన్నారు తాతా. ఎవరిదో చెప్పలేదు."

"నీ గురించే కదమ్మా అన్నది."

"రేపు ల్యాబు అతనిది పెడతాను. ఎల్లుండి ఇంకొకరిది. ఎప్పుడు చూసినా ఒక్కటే ఉంటుంది. మేడమ్ మాట దాటను."

తాత గొడుగు కింద నిలబడి గోడవారగా తడుస్తున్న బళ్ల వైపు, షెడ్డులో పొడి నేల వైపు మార్చి మార్చి చూశాడు.

"రోజుకో బండి మారుతుంటే ఎవరో ఒకరు వచ్చి నన్ను అడగరూ?"

నర్సు మొహం మీద కారుతున్న నీళ్లు అరచేత్తో తుడుచుకుంది.

"అడగనివ్వు తాతా," అంది. "అడగాలనే కదా."